అరుగు మీద చెప్పిన వీలునామా

మా మేనత్తది అడవులదీవి. ఇంటి అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటూ, దారిన పోయే వాళ్లను పలకరిస్తూ, మధ్యమధ్య ఒక మాట అంటుండేది. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలిరా అబ్బాయ్. మంచంలో పడి ఒకరిచేత చేయించుకునే రాత నాకొద్దు." మేం నవ్వేసేవాళ్లం. "నీకేంటత్తా, నూరేళ్లుంటావు" అనేవాళ్లం. ఆ మాట ఆమె ఒక్కతే అనేది కాదు. నిజాంపట్నం రేవు నుంచి రేపల్లె దాకా, తెనాలి దాకా, ఏ ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా పెద్దవాళ్ల నోట వినిపించే మాటే. విని విని మన చెవులు మొద్దుబారిపోయాయి.

2016లో ఒక తెల్లవారుజామున ఆమె పెరట్లో కుప్పకూలింది. గుండె ఆగిపోయింది. ఊళ్లో డాక్టరు వచ్చి ఛాతీ నొక్కాడు, 108 వచ్చింది, రేపల్లె తీసుకెళ్లారు, అక్కణ్ణుంచి భట్టిప్రోలు దాటి తెనాలి, చివరికి ఒక పెద్ద ఆసుపత్రి. గుండె తిరిగి కొట్టుకుంది. మనిషి తిరిగి రాలేదు. రక్తం అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. పెరట్లో ఎంతసేపు పడి ఉందో ఎవరూ చూడలేదు.

నలభై ఒక్క రోజులు ఐసీయూలో ఉంది. మొదట నోట్లో గొట్టం, తర్వాత గొంతు దగ్గర చిల్లు పెట్టి అక్కడో గొట్టం, ముక్కులోంచి పాలు పోసే గొట్టం ఇంకొకటి. మూడోవారంలో కళ్లు తెరిచింది. డాలస్‌లో ఉన్న మా పెద్దబావ వీడియోలో చూసి "అమ్మ నన్ను చూస్తోంది" అని బావురుమన్నాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "కళ్లు తెరుస్తారండీ, చూపు ఉండదు" అన్నాడు. ఇక్కడ చిన్నబావ రోజూ బిల్లు కౌంటర్ దగ్గర నిలబడుతున్నాడు. రొయ్యల చెరువుకు కౌలుకిచ్చిన ఎకరంన్నర అప్పటికే బేరం పెట్టాడు. వెంటిలేటర్ తీసేస్తే ఏమవుతుందని అడిగితే, "మేం తీయకూడదు. మీరు తీసుకెళ్లిపోతామంటే సంతకం పెట్టండి" అన్నారు. పెట్టాం. వైద్యుల సలహాకు వ్యతిరేకంగా, మా సొంత పూచీ మీద తీసుకెళుతున్నామని రాసిన కాగితం అది.

ఆంబులెన్స్‌లో ఒక కుర్రాడు ఆమె గొంతు గొట్టానికి రబ్బరు సంచి తగిలించి దారి పొడవునా చేత్తో నొక్కుతూ వచ్చాడు. ఇల్లు చేరాం. గుమ్మం ముందు చాప పరిచి కింద పడుకోబెట్టాం. చిన్నబావ తులసి తీర్థం తెచ్చాడు. ఆ కుర్రాడు నొక్కడం ఆపకుండానే తలెత్తి, "ఇక ఆపమంటారా అండీ?" అని అడిగాడు. చిన్నబావ నా వంక చూశాడు. నేను తలూపాను.

ఆ తర్వాత ఏడాది పాటు చిన్నబావ మా గడప తొక్కలేదు. కోపం కాదట, నా ముఖం చూస్తే ఆ గుమ్మం గుర్తొస్తుందట. నాకైతే అద్దంలో నా ముఖమే గుర్తుచేసేది. అత్తను నేను చంపానా? ఈ పుస్తకంలో మిగతా అధ్యాయాలు బతుకు దిద్దుకోవడం గురించి. ఈ ఒక్కటీ, మీ ఇంట్లో ఎవరూ గుమ్మం ముందు అలా తలూపాల్సిన పని పడకూడదని రాస్తున్నాను.

అడగాల్సిన ప్రశ్న వేరే

ఆ రబ్బరు సంచికి ఒక చరిత్ర ఉంది. అది తెలుసుకున్నాకే నా మనసు కొంత కుదుటపడింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడి పిల్లలు వరసగా చనిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు చిల్లు పెట్టి గొట్టం అమర్చి, రబ్బరు సంచితో చేత్తో గాలి కొట్టించాడు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు, నెలల తరబడి ఆ సంచులు నొక్కారు. నేటి వెంటిలేటర్లకూ ఐసీయూలకూ మూలం అదే. అన్ని చేతులు అలా నొక్కింది ఒకే ఆశతో: కొన్నాళ్లు దాటిస్తే పిల్లలకు సొంత ఊపిరి వస్తుందని. ఏరు దాటించే పడవ లాంటిది ఆ యంత్రం. అవతలి ఒడ్డు ఉన్నప్పుడు అంత గొప్ప సాయం ఇంకోటి లేదు. ఒడ్డే లేదని తేలాక మనిషిని పడవలోనే ఉంచేయడం సరైనదేనా అన్నది ఆ పడవ తయారైన కొద్ది ఏళ్లకే మొదలైన ప్రశ్న. 1957లో పోప్ 12వ పయస్ ముందుకు మత్తు డాక్టర్లు ఈ ప్రశ్నే తీసుకెళ్లారు. ఆశ లేని చోట అసాధారణమైన చికిత్సలు కొనసాగించి తీరాలన్న విధి లేదని ఆయన జవాబు. మన డెల్టా ఊళ్లలో చర్చికి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి, "దేవుడిచ్చిన ప్రాణం" అని కుమిలిపోయేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మా ఇంట్లో ఆ నలభై ఒక్క రోజులూ మేం వేసుకున్న ప్రశ్న ఒకటే: "తీసేద్దామా, ఉంచుదామా?" ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా చెప్పినవాడు దోషి అవుతాడు. తీసేద్దామంటే పొలం కోసం తల్లిని చంపుకున్నాడంటారు, ఉంచుదామంటే ఎక్కడో అమెరికాలో కూర్చుని కబుర్లు చెబుతున్నాడంటారు. రెండూ మా ఇంట్లో అనుకున్న మాటలే. అడగాల్సింది "అత్త ఏమని ఉండేది?" అని. ఆ ప్రశ్న వేసుకుని ఉంటే జవాబు మా అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు అరుగు మీద వింటూనే ఉన్నాం కదా.

ఇక్కడ ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకరు నోరు తెరిచి అడిగినవాడు, ఒకరు అడగలేకపోయిన మనిషి.

2004 డిసెంబరులో హైదరాబాద్‌లో కె. వెంకటేష్ అనే పాతికేళ్ల చదరంగం ఆటగాడు డ్యూషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీతో ఆసుపత్రిలో ఉన్నాడు. కండరాలు ఒక్కొక్కటే కరిగిపోయే జబ్బు అది. చివరికి ఊపిరి కూడా యంత్రమే పోయాల్సి వచ్చింది. అతని కోరిక చావడం ఒక్కటే అయితే ఇన్నేళ్లు మనకు గుర్తుండేవాడు కాదు. తన అవయవాలు పాడైపోకముందే తీసి ఇతరులకు ఇవ్వమన్నాడు. తల్లి సుజాత కొడుకు తరఫున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టింది. కన్నతల్లి అలాంటి అర్జీ మీద సంతకం పెట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. బ్రెయిన్ డెడ్ అని తేలకుండా అలా అవయవాలు తీయడానికి 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు కాబట్టి హైకోర్టు కాదంది. డిసెంబరు 17న వెంకటేష్ చనిపోయాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు. బతికుండగా అలా అవయవాలు తీయడం ఈనాటికీ చట్టం ఒప్పుకోని పనే, ఒప్పుకోకపోవడమే మంచిదని నా ఉద్దేశం కూడా. కానీ ఆ కుర్రాడి దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. తనకేం కావాలో అతను స్పష్టంగా చెప్పాడు, తల్లి దాన్ని తన ఇష్టంతో కలపకుండా మోసింది.

రెండో మనిషి అరుణా షాన్‌బాగ్. ముంబై కెఇఎం ఆసుపత్రి నర్సు. 1973 నవంబరు 27న ఆసుపత్రిలోనే ఒకడు కుక్క గొలుసుతో మెడ బిగించి అత్యాచారం చేశాడు. మెదడు దెబ్బతింది. అప్పటి నుంచి 2015 మే 18న చనిపోయేదాకా, 41 ఏళ్లకు పైగా, ఆమె ఆ ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఆమెకు వెంటిలేటర్ లేదు, తిండి మాత్రం ఎవరో పెట్టాలి. ఆమెకు విముక్తి కలిగించమని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కెఇఎం నర్సులు వద్దన్నారు. మా అరుణను మేం చూసుకుంటాం అన్నారు. ఒళ్లంతా పుండ్లు పడాల్సిన మనిషికి పడక పుండు రాకుండా తరాల తరబడి కాపాడిన చేతులు అవి. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ నర్సుల మాటకే విలువిచ్చింది. అదే తీర్పులో, చికిత్స విరమించడమనేది హైకోర్టు అనుమతితో జరగవచ్చని దారి కూడా తెరిచింది. ఆ నర్సులను తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: మనసారా చూసుకునే మనుషులుండి, ఆ మనిషి వద్దని ఎన్నడూ చెప్పకపోతే, ఉంచుకోవడం కూడా తప్పు కాదు. ఈ అధ్యాయం చదివి ఎవరూ తొందరపడకూడదని ఇది చెబుతున్నాను.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు

ఐసీయూ బయట కూర్చున్న తెలుగువాడి మనసులో ఒక సినిమా ఆడుతూ ఉంటుంది. 2003లో వచ్చిన "ఠాగూర్"లో, చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి డబ్బు గుంజే ఆసుపత్రి సన్నివేశం. ఆ అనుమానం పూర్తిగా అబద్ధమని నేననను. కానీ అనుమానంతో తీసుకునే నిర్ణయం కోపంతో తీసుకునే నిర్ణయమే అవుతుంది. కొందరు అదే కోపంలో కోలుకోవాల్సిన మనిషిని ఇంటికి మోసుకెళ్లిపోయారు. అనుమానం వస్తే చేయాల్సింది రికార్డులు అడగడం. రోగి కాగితాలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి 2002 నుంచీ చెబుతోంది. స్కానింగ్ ఫిల్ములతో సహా తీసుకుని గుంటూరు పెద్దాసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఇంకో న్యూరాలజిస్టు చేత చూపించండి. 

ఇక డాక్టరు నోటి నుంచి వచ్చే మాటను గట్టిగా పట్టుకోండి. "బ్రెయిన్ పోయిందండీ" అంటే ఏమిటి అర్థం? బ్రెయిన్ డెడ్ అయితే అది మరణమే. నలుగురు వైద్యులు, ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు చేసి ధ్రువీకరించే పద్ధతి చట్టంలో ఉంది. గుండె కొట్టుకుంటున్నది యంత్రం గాలి వల్లే. ప్రభుత్వ జీవన్‌దాన్ పథకం ద్వారా అవయవదానం జరిగేది అప్పుడే. కోమా వేరు. కళ్లు మూసుకుని, పిలిస్తే పలకని స్థితి. అది సాధారణంగా కొన్ని వారాలు. ఆ తర్వాత మనిషి లేవవచ్చు, పోవచ్చు, లేదా మా అత్తలా కళ్లు తెరిచి, నిద్రా మెలకువా ఉండి, తెలివి మాత్రం లేకుండా మిగిలిపోవచ్చు. ఈ స్థితికి మనవాళ్లు వాడే జీవచ్ఛవం అన్న మాట నాకిష్టం లేదు. ఆమె మా అత్త. శవం అన్న మాట ఆమెకు అతికించడం నావల్ల కాదు.

పైగా మనం అనుకున్నంత ఖాళీ అక్కడ లేకపోవచ్చు. 2006లో బ్రిటన్‌లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ఐదు నెలలుగా ఉలుకూ పలుకూ లేని ఒక యువతిని స్కానర్‌లో పెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఊహించుకున్నప్పుడు మెదడులో ఎక్కడ వెలుగుతుందో ఆమెకూ అక్కడే వెలిగింది. 2024లో ప్రచురితమైన ఇంకో పెద్ద అధ్యయనంలో, చెప్పింది చేయలేని 241 మందిని ఇలా పరీక్షిస్తే 60 మంది మెదళ్లు లోపల స్పందించాయి. ఇలాంటి పరీక్షలు మన ఆసుపత్రుల్లో మామూలుగా జరగవు. కాబట్టి వినపడదులే అనుకుని మంచం పక్కన పొలం పంపకాలు మాట్లాడకండి. చెయ్యి పట్టుకుని మాట్లాడండి, ఇష్టమైన పాట వినిపించండి.

జబ్బు ఎలా వచ్చిందన్నది ఎంత ముఖ్యమో నాకు అప్పుడు తెలియదు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రవాడికీ, గుండె ఆగి మెదడుకు రక్తం అందని డెబ్బై ఏళ్ల మనిషికీ ఆశ ఒకటి కాదు. మొదటివాళ్లలో ఏడాది వరకు, రెండోవాళ్లలో మూడు నెలల వరకు కోలుకునే అవకాశం చూస్తారు, ఆ తర్వాత అరుదు. కాబట్టి డాక్టరుతో గడువు పెట్టుకుని మాట్లాడండి. "ఇన్ని రోజులు అన్నీ చేయండి. ఆలోపు ఏం కనబడితే ఆశ ఉన్నట్టు? ఏమీ కనబడకపోతే మళ్లీ కూర్చుందాం" అనండి. విమానం దిగాల్సిన కొడుకు ఉంటే ఆ నాలుగు రోజులూ గడువులో కలపండి. ఆ నాలుగు రోజులు కొడుకు కోసమని, రోగి కోసం కాదని అందరికీ తెలిసి ఉంటే చాలు. డబ్బు సంగతి దాచకండి. ఆమె కడుపున పుట్టినవాళ్లు అప్పులపాలు కావడం మా అత్త కోరుకునేది కాదు. ఆ మాట బయటికి అనడానికి సిగ్గుపడి మేం నెల పోగొట్టుకున్నాం.

చట్టం ఇప్పుడు ఏమంటోంది

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని తీర్పు చెప్పింది. సూది వేసి చంపడం నేరమే, ఇప్పటికీ. కానీ ఇక లాభం లేదని తేలిన చికిత్స ఆపి, జబ్బును దాని దారిన పోనివ్వడం నేరం కాదు. కారుణ్య మరణం అన్న ఒకే పేరుతో పత్రికలు రెంటినీ పిలవడం వల్ల జనం గందరగోళపడుతున్నారు. ఆ తీర్పులోని పద్ధతి ఆచరణలో మరీ కష్టంగా ఉందని 2023 జనవరి 24న కోర్టే దాన్ని సులువు చేసింది.

ఇప్పుడు ఇలా జరగాలి. వైద్యం చేస్తున్న డాక్టరు, అయిదేళ్లకు తక్కువ కాని అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. దగ్గరి బంధువులతో మాట్లాడి, వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత రెండో బోర్డు. అందులో ఒక డాక్టరును జిల్లా వైద్యాధికారి నామినేట్ చేస్తారు, మిగతా ఇద్దరూ మొదటి బోర్డులో లేని నిపుణులు. వాళ్లూ సరేనంటే, అమలు చేసేముందు ఆసుపత్రి ఆ సంగతి జుడీషియల్ మేజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు, అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. మనవైపు వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అడవులదీవి, రేపల్లె బాపట్ల జిల్లాకు వచ్చాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. ఆ వైద్యాధికారి కోసం మీ ఇల్లు ఏ జిల్లా అన్నది కాకుండా, ఆసుపత్రి ఏ జిల్లాలో ఉందో చూసుకోండి.

ఈ దారి ఉండగా సొంత పూచీ కాగితం మీద సంతకం పెట్టి, రబ్బరు సంచితో ఇంటికి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. చికిత్స ఆపడమంటే మనిషిని వదిలేయడం కాదు. ఆయాసం తెలియకుండా మార్ఫిన్, నోరు ఎండకుండా తడి, పక్కన అయినవాళ్లు. ఇవన్నీ చివరి క్షణం దాకా ఉండాల్సినవే. ఉంటాయా అని ఆసుపత్రిని ముందే అడగండి.

ఆ కాగితం

అరుగు మీది మాటను ముందస్తు వీలునామాగా కాగితం మీద పెట్టడం పెద్ద పనేం కాదు. పద్దెనిమిదేళ్లు నిండి, బుద్ధి స్థిరంగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. తెలుగులో, మీ మాటల్లో రాయండి. ఏ స్థితి వస్తే ఏ చికిత్స వద్దో స్పష్టంగా ఉండాలి. "నన్ను బాధపెట్టొద్దు" అని రాస్తే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. "కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చాక నన్ను వెంటిలేటర్ మీద ఉంచవద్దు" అంటే అర్థమవుతుంది. మీ తరఫున మాట్లాడాల్సినవాళ్ల పేర్లు రాయండి. ఒకరే ఉండాలని లేదు. మిమ్మల్ని ఎక్కువ ప్రేమించే మనిషి కన్నా మీ మాట నిలబెట్టగల మనిషిని ఎంచుకోండి, కొన్ని ఇళ్లలో ఆ ఇద్దరూ ఒకరు కారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి, సాక్షులు వీలైనంతవరకు బయటివాళ్లు కావాలి. తర్వాత నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. ఊళ్లో హైస్కూలు గెజిటెడ్ హెడ్‌మాస్టరు ఉంటారు, మండలంలో తహసీల్దారు ఉంటారు. ఒక ప్రతి మీరు పేరు రాసినవాళ్లకు, ఒకటి మీ డాక్టరుకు, ఒకటి పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

నేను నాది రాశాను. రాస్తున్నప్పుడు మా ఆవిడ ఏడ్చింది, "ఇప్పుడిదంతా ఎందుకు, అపశకునం" అంది. ఆ గుమ్మం దగ్గర జరిగింది పూర్తిగా చెప్పాను. అంతవరకు ఆమెకు కూడా చెప్పలేదు. మర్నాడు తన కాగితం కూడా రాయమంది. నా కాగితంలో నా తరఫున మాట్లాడేవాళ్లుగా రెండు పేర్లు రాశాను, మా అమ్మాయిదీ, చిన్నబావదీ. బావ ప్రతి తీసుకుని, చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అమ్మకు కూడా ఇలాంటిది ఉంటే బాగుండేదిరా" అన్నాడు. తొమ్మిదేళ్లకు మేమిద్దరం ఆ రోజు గురించి మాట్లాడుకున్న మొదటి మాట అది.

మీ ఇంటి అరుగు మీద ఆ మాట అనే మనిషి ఇంకా ఉంటే, ఈసారి నవ్వేసి లేచిపోకండి. పక్కన కూర్చుని, "అంటే అప్పుడు ఏం చేయమంటావు, ఏం వద్దంటావు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.